కాశీకి పోయినవాళ్లు

మా తమ్ముడు కరుణాకర్ దసరా తర్వాత వచ్చిన శనివారం పొద్దున పోయాడు. అతని రక్తం తీసుకోవడానికి సృజన గారు హైదరాబాదు నుంచి సోమవారం రావలసి ఉంది.

సాయంత్రం నాలుగింటికి వాగు నుంచి తిరిగొచ్చాం. కరుణాకర్‌కు కొడుకులు లేరు. మా పెద్దబాపు కొడుకు హనుమండ్లు తలకొరివి పెట్టాడు. స్నానాలయ్యాక నా మేనకోడలు నవత తడి జుట్టుతోనే గడప మీద కూర్చుని సృజన గారికి ఫోన్ చేసింది. అవతల నుంచి ఒక్క ప్రశ్న వినిపించింది.

"నవతా, రక్తం ఏమన్న తీసి పెట్టిండ్రా?"

నవత కరీంనగర్‌లో నర్సు. రోజుకు నలభై మంది రక్తం తీస్తుంది. తండ్రిది తీసి పెట్టాలని ఆ పొద్దున ఆమెకు తోచలేదు. నాకూ తోచలేదు. ఇచ్చోడ హైస్కూల్లో పాతికేళ్లుగా పదో తరగతికి అనువంశికత పాఠం చెబుతున్నదాన్ని నేను.

"లేదు మేడం," అంది నవత. "అంతా అయిపోయింది."

కరుణాకర్ శ్రీరాంపూర్ గనిలో ఎలక్ట్రీషియన్. నలభై అయిదో ఏట ఒకరోజు షిఫ్టు దిగి, తన క్వార్టర్ అనుకుని ఎవరింటికో పోయి, పీట వేసుకుని అన్నం పెట్టమన్నాడు. ఆ ఇంటివాళ్లు పరిహాసం అనుకుని పెట్టారు కూడా. అక్కడ మొదలైంది. మరదలు అప్పటికే లేదు. నా దగ్గరకు తెచ్చుకున్నాను. ఒక డాక్టరు టెన్షన్ అన్నాడు, ఇంకొకరు షుగర్ అన్నారు. రెండేళ్ల తర్వాత గాని అల్జీమర్స్ అన్న పేరు రాలేదు. ఇంత చిన్న వయసులో వచ్చిందంటే ఒంట్లో తయారయ్యే ఏదో ఒక ప్రోటీన్‌లో పుట్టుకతోనే తేడా ఉండవచ్చని చెప్పింది సృజన గారే. మెదడు ప్రోటీన్ల మీద పరిశోధన చేసే మనిషి, కరీంనగర్ వైపు రావుల ఇంటి ఆడపిల్ల. ఆమె పంపిన ఫారంలో ఒక గడి ఉంది. మీ వంశంలో యాభై ఏళ్ల లోపు మతిమరుపు వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నా చేత్తో నేనే రాశాను. ఎవరూ లేరు.

*

మా ఇంటికి వంశం చెప్పే నాగయ్య అని ఒకాయన ఉన్నాడు. వాళ్ల తాత మా ముత్తాతకు చెప్పాడు, వాళ్ల నాయన మా తాతకు. ఏడాదికోసారి పంటలు ఇంటికి వచ్చాక వచ్చి, మా వంశంలో పుట్టినవాళ్లను, గిట్టినవాళ్లను పేరుపేరునా పాడి, తన జొన్నలు తీసుకుని పోతాడు. ఎవరైనా పోతే పదోరోజున వస్తాడు. కరుణాకర్ పదోరోజున కూడా వచ్చాడు. ఇచ్చోడకు ఆరు కిలోమీటర్ల దూరంలోని మా ఊళ్లో, పెద్దవ్వ లస్మవ్వ వాకిట్లో చాప మీద కూర్చుని గొంతెత్తాడు.

"భూమన్న బుట్టె, బూములు దున్నె. నలుగురు కొడుకులు, ఇద్దరు బిడ్డలు. నలభై ఆరో ఏట జొన్న కోతల వేళ కాశీకి పాయె. భూమన్న కొడుకు లింగన్న బుట్టె, బావులు తవ్వె. నలభై ఏడో ఏట జొన్న కోతల వేళ కాశీకి పాయె. లింగన్న కొడుకు గంగన్న బుట్టె, లస్మవ్వను దెచ్చె. నలభై ఆరో ఏట పత్తి ఏరేటి వేళ కాశీకి పాయె."

పుట్టినప్పటి నుంచి వింటున్నదే. ఊళ్లో మమ్మల్ని కాశోళ్లు అంటారు. మూడు తరాల్లో ముగ్గురు సంసారం వదిలి కాశీకి పోయిన ఇల్లు. చిన్నప్పుడు, అప్పటికి పోయింది ఇద్దరే అయినా, బళ్లో ఆ మాట చెప్పుకుని గొప్పపడేదాన్ని. మా పెద్దబాపు గంగన్న పోయినప్పుడు నేను కరీంనగర్‌లో బీఈడీ చదువుతున్నాను. ఆయన చనిపోలేదు, కాశీలో ఉన్నాడు. అందుకే లస్మవ్వ నుదుట రూపాయి బిళ్లంత కుంకుమబొట్టు ఉంటుంది, చేతుల నిండా గాజులు ఉంటాయి. ముప్పై ఏళ్లుగా ఊళ్లో ఏ పెళ్లికైనా పసుపు దంచడానికి రోకటి మీద మొదటి చెయ్యి ఆమెదే. మా బాపు సంగతి వేరు, ముప్పై ఎనిమిదేళ్లకే పాము కరిచి పోయాడు.

ఆ రోజు మాత్రం నాకు పాట వినిపించలేదు, అంకెలు వినిపించాయి. నలభై ఆరు, నలభై ఏడు, నలభై ఆరు. కరుణాకర్‌కు మొదలైంది నలభై అయిదులో. కోతల వేళ. పంట చేతికొచ్చే కాలంలో, చేను అట్లాగే వదిలేసి ఏ రైతు కాశీకి పోతాడు?

నా పక్కన కూర్చున్న హనుమండ్లు నా మోచేతిని తట్టాడు. "అక్కా, అందరు వచ్చిండ్రు గని కరుణాకర్ యాడ? కనవడ్తలేడు."

పది రోజుల కిందట అతనే నిప్పు పెట్టాడు. నేను మాట్లాడేలోపు మళ్లీ అడిగాడు. మూడోసారి కాస్త గట్టిగా అడిగేసరికి చుట్టాలు తలలు తిప్పారు.

"తమాషకు అంటుండు," అంది లస్మవ్వ. "వాని అలవాటు గంతే. నాగయ్యా, నువ్వు కానియ్యి."

అన్నాల తర్వాత నాగయ్యను దొడ్లోకి పిలిచాను. "నాగన్నా, నిజం చెప్పు. వాళ్లు కాశీకే పోయిండ్రా?"

ఆయన చేతిలో వక్కను అటూ ఇటూ తిప్పాడు. "టీచరమ్మా, నేను చెప్పెటోన్ని, మార్చెటోన్ని గాదు. మా నాయన నోట్లెకెల్లి నా నోట్లెకు వచ్చింది. ఇంటి పెద్ద నలుగుర్ల నిలవడి మార్చుమంటె మారుస్త." అని వాకిలి వైపు చూశాడు. ఇంటి పెద్ద అక్కడ చాపలు దులుపుతోంది.

ఆ రాత్రి నవత, నేను ఒక చార్టు తీశాం. మగవాళ్లకు చదరాలు, ఆడవాళ్లకు సున్నాలు. కాశీకి పోయిన మూడు చదరాలూ నల్లగా దిద్దాం. కరుణాకర్‌ది నవతే దిద్దింది. హనుమండ్లు చదరం మీద పెన్సిల్ పెట్టి ఆగింది.

"అత్తా, హన్మండ్లు కాక రక్తం దొరికితే చాలు," అంది. "రోగం ఉన్న మనిషిల దొరికితేనే ఖాయమట. అప్పుడు మిగిలినోళ్లల్ల ఎవరికి ఉన్నది, ఎవరికి లేదు అని చెప్పొచ్చట."

మిగిలినవాళ్లలో తనూ ఒకతె. ఉండడానికి, లేకపోవడానికి సగానికి సగం.

*

ఆదివారం హనుమండ్లు చేనికి పోయాను. మొదటి ఏరుడు అయిపోయి రెండోది నడుస్తోంది. హనుమండ్లు నడుముకు సంచి కట్టుకుని సాలు వెంట పోతున్నాడు. వెనక పది అడుగుల దూరంలో అతని భార్య వినోద. అతను విచ్చిన కాయతో పాటు ఎండాకును, పచ్చి కాయను కూడా తెంపి సంచిలో వేస్తున్నాడు. సాలు చివర వినోద ఆ సంచిని చీర కొంగు మీద కుమ్మరించి ఆకును ఏరేస్తోంది. చేతులకు అలవాటైపోయిన పని అని చూస్తేనే తెలిసింది.

"ఎన్ని దినాల సంది వినోదా?"

"ఏంది వదినా?"

"గిట్ల రెండుసార్లు ఏరుడు."

ఆమె ఆకులు దులుపుకుంది. "నిరుడు సంది," అంది. ఇంకో పిడికెడు ఏరుతూ, "మొన్న నన్నే అడిగిండు, నీదే ఊరు అని. పత్తి ఏరనీకి కైకిలికి వచ్చినననుకున్నడు. నేను గూడ ఊరు పేరు చెప్పిన. ఏం జేద్దు?" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

నాకు తెలిసినంత చెప్పాను. ముందు రోజు వానకు తడిసి ముద్దకట్టిన పత్తి గుప్పెడు ఆమె చేతిలో పెట్టాను. మన మెదడులో ఒక పొడుగాటి ప్రోటీన్ ఉంటుంది, పూసల దండలాంటిది. దాన్ని కోసే కత్తెర కూడా ప్రోటీనే. కత్తెర సరిగ్గా ఉంటే తెగిన ముక్కలు పొడి పత్తిలాగా కొట్టుకుపోతాయి. కత్తెర తేడాగా ఉంటే ముక్కలు గిట్లా ముద్దకట్టి అక్కడనే పేరుకుంటాయి. ముద్ద చుట్టూ ఉన్న మెదడు ఎండిపోతుంది.

"గాలి గాదు, శాపం గాదు," అన్నాను. "మందు వస్తున్నది. ముద్దలను కరగదీసేది. మొదట్ల ఉన్నోళ్లకే పని చేస్తది. హన్మండ్లు ఇంక మొదట్లనే ఉన్నడు."

వినోద ఆ ముద్దను వేళ్లతో విప్పి చూసింది. "రక్తం ఇస్తే పేరు బయటకు వస్తది వదినా. మా రాకేశ్ సౌదీల ఉన్నడు. మల్ల వీసాకు మెడికల్ ఉంటది. తండ్రికి గీ రోగమంటె కొడుకును అన్‌ఫిట్ కొడ్తరు. ఇంట్ల నడిచేదే వానితోని."

"పేరు రాయరట. నంబరే."

"మా అత్త ఒప్పుకోదు. అత్త ఒప్పుకుంటే చేయి వట్టుకొచ్చి నేనే ఇప్పిస్త."

చేను నుంచి నేరుగా వాళ్లింటికి పోయాను. లస్మవ్వ నన్ను పూర్తిగా మాట్లాడనిచ్చింది. కందులు చెరుగుతూ వింది. చివర చాటను గోడకు ఆనించింది.

"నువ్వు సదువుకున్నదానివి బిడ్డా. నీ తమ్ముడు పోయిండు, నీ కడుపు కాల్తున్నది, నాకు ఎరికే. గని మా ఇంట్ల మతి తప్పినోళ్లు ఎవ్వలు లేరు. కాశీకి పోయినోళ్లు ఉన్నరు."

తర్వాత నాకు చాయ్ పెట్టింది. తాగి వచ్చేశాను.

*

పుష్యమాసం. కేస్లాపూర్ నాగోబా జాతర ఇంకా పదిరోజులుంది. సాయంత్రం స్కూలు గంట కొట్టగానే బస్టాండు దగ్గర చాయ్ హోటల్ లచ్చయ్య ఫోన్ చేశాడు. మాకు దూరపు కాక వరస ఆయన.

"టీచరమ్మా, జల్ది రా. మీ హన్మండ్లు పొద్దటి సంది ఈడనే కూసున్నడు. కాశీ బస్సు ఎప్పుడని అందరిని అడుగుతుండు."

సిమెంటు బల్ల మీద ఒళ్లో మూటతో కూర్చుని ఉన్నాడు. బుద్ధిగా, బడికి కొత్తగా వచ్చిన పిల్లవాడిలా. నేను పక్కన కూర్చున్నాను.

"ఎక్కడికిరా?"

"కాశీకి అక్కా. నాగ్‌పూర్ బస్సుల ఎక్కబోతె కండక్టరు దిగుమన్నడు. కాశీ బోర్డు లేదట."

"ఇప్పుడెందుకు కాశీ?"

"నాకు నలభై ఏడు నడుస్తున్నది. మా ఇంట్ల గీ యేడాదికే పోతరు. నాగయ్య చెప్పంగ నువ్వు ఇనలే?" నన్ను చూసి జాలిగా నవ్వాడు. "టీచరువు అయ్యి గీ ముచ్చట తెల్వదా?"

లచ్చయ్య రెండు చాయ్‌లు తెచ్చి పెట్టాడు. "కాశీకి రేపు పోదువు తీ. ఇయ్యాల చాయ్ తాగు," అన్నాడు. హనుమండ్లు చాయ్ తీసుకుని సాసర్‌లో పోసి ఊది నాకిచ్చాడు. చిన్నప్పుడు కూడా అట్లాగే ఇచ్చేవాడు.

ఆటోలో లస్మవ్వ, వినోద వచ్చారు. ఊరంతా వెతికి వచ్చారు. లస్మవ్వ చీర అంచుకు పత్తిచేను ముళ్లు పట్టి ఉన్నాయి. కాళ్లకు చెప్పులు లేవు. కొడుకు ముందు నిలబడి, ఆయాసపడుతూనే మూట లాక్కుని విప్పింది. లోపల ఒక లుంగీ, రాకేశ్ ఫొటో, టీవీ రిమోట్ ఉన్నాయి.

"ఎటు పోతున్నవ్ కొడుకా?"

"బాపుకాడికి అవ్వా. కాశీల ఉన్నడని నువ్వే చెప్పినవ్ గదా. ముప్పై ఏండ్లాయె. పోయి తోల్కొస్త."

లస్మవ్వ రిమోట్‌ను మళ్లీ మూటలో పెట్టింది. ఫొటోను దాని మీద పెట్టింది. ముడి వేసింది. ఆటోలో ఊరు చేరేదాకా కొడుకు మణికట్టు వదలలేదు.

దిగేటప్పుడు నాతో అంది. "నాగయ్య జాతర వెళ్లినంక వస్తడు. మన కాశోళ్లు ఎక్కడెక్కడ ఉన్నరో అందరికి కబురు పెడ్త. ఎవ్వలు తప్పద్దు. నీ డాక్టరమ్మను గూడ ఆ పొద్దే రమ్మను."

*

అందరూ వచ్చారు. ఉట్నూర్ నుంచి, శ్రీరాంపూర్ నుంచి, కరీంనగర్ నుంచి. వాకిట్లో కొలిస్తే ముప్పై ఎనిమిది మంది. జీపు నీడలో మంచు డబ్బాతో సృజన గారు, ఆమె మనుషులు ఇద్దరు. ఎందుకొచ్చారో అందరికీ చెప్పాం, ఎవరూ అవునని అనలేదు, కాదని అనలేదు. లస్మవ్వ వైపే చూస్తున్నారు. వినోద ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి పెట్టింది. అందులో సౌదీ నుంచి రాకేశ్ ముఖం.

నాగయ్య మొదలుపెట్టాడు. భూమన్న పుట్టాడు, భూములు దున్నాడు, కాశీకి పోయాడు. లింగన్న పుట్టాడు, బావులు తవ్వాడు, కాశీకి పోయాడు. గంగన్న పుట్టాడు, లస్మవ్వను తెచ్చాడు.

"నాగయ్యా, ఆగు."

లస్మవ్వ లేచింది. కొత్త చీర కట్టుకుంది. బొట్టు ఎప్పటిలాగే పెద్దది.

"నా పెనిమిటి కాశీకి పోలే. మతి పోయింది. ముందు చేను మర్శిండు, తర్వాత ఇల్లు మర్శిండు, మల్ల నన్ను మర్శిండు. ఒక పొద్దుగాల చెంబు వట్టుకొని పోయిండు. ఎనిమిదో దినం కడెం వాగుల దొరికిండని నాగయ్యనే వచ్చి చెప్పిండు. ఎవ్వలకు చెప్పకుంట ఇద్దరం పోయినం. మొల్దారానికి తాయెత్తు ఉండె. అది చూసి గుర్తు వట్టిన. ఆడనే కట్టెలు పేర్చినం." ఊపిరి తీసుకుంది. "మా మామ గూడ గట్లనే పోయిండని మా అత్త సచ్చేముందు నా చెవుల చెప్పింది. కాశీ అను, పిల్లలకు పేరు చెడదు అన్నది. నేను గూడ అన్న. నాగయ్యను అనుమన్నది నేనే. ఆయన తప్పు లేదు."

నాగయ్య తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

పక్కింటి ముసలామె శంకరవ్వ గొంతు వినిపించింది. "మరి లస్మవ్వా, గీ బొట్టు?"

"గిది నాకు మా అవ్వ పెట్టింది. తొట్టెల్ల, పసిగుడ్డుగ ఉన్నప్పుడు. ఆయన పెట్టింది గాదు, ఆయనతోని పోవటానికి." జీపు వైపు తిరిగింది. "ఏమే డాక్టరమ్మా, ఏడ గుచ్చుతవ్ గుచ్చు. ముందుగాల నాది తీయి."

సృజన గారు దగ్గరికి వచ్చింది. "అవ్వా, మీది అవసరం లేదు. మీరు ఈ ఇంటి కోడలు గదా. ఈ వంశం రక్తం కాదు."

"నా కడుపుల పెరిగినోడు గాదా వాడు? తీయుమంటే తీయి."

నవత గొంతుకూర్చుని ఆమె చేయి అందుకుంది. మొదటి గొట్టం నిండింది. ఒకటో నంబరు.

ఫోన్‌లోంచి రాకేశ్ అడిగాడు. "మేడం, గిది మా మెడికల్ల వస్తదా?"

"రాదు," అంది సృజన గారు. "మా దగ్గర పేర్లుండవు, నంబర్లే. మీకు చెప్పమంటేనే మీ ఫలితం మీకు చెప్తం. అడగకపోతే జన్మల చెప్పం."

అతను తల్లిని పిలిచాడు. "అమ్మా, బాపుకు సూదంటె భయం," అన్నాడు. "చేయి గట్టిగ వట్టుకో."

వినోద హనుమండ్లు పక్కన కూర్చుని అతని అంగీ చేతిని మోచేతి పైదాకా మడిచింది. ఒక్కో మడతా సరిచేస్తూ, తీరుబడిగా. కాగితం మీద సంతకం పెట్టింది. హనుమండ్లు నవతను చూసి, "నువ్వు కరుణాకర్ బిడ్డవు గాదూ?" అన్నాడు. నవత అవునంది. "మీ బాపు మంచిగున్నడా?" అన్నాడు. నవత గొట్టం మీద నంబరు రాస్తూ తల ఊపింది.

అప్పుడిక ఆగలేదు. వరస కట్టారు. లచ్చయ్య కాక సూదిని చూసి గునిశాడు. "ఎలచ్చన్ల వేలికి సిర పెట్టిచ్చుకుంటె సీసా ఇస్తరు. గిక్కడ ఏమిస్తరు?"

"పార్లే బిస్కెట్ పుడ ఇస్తం కాకా," అంది నవత.

"రెండియ్యి. నాది పాత రక్తం, ధర ఎక్కువ."

నాది పదిహేడో నంబరు. నాకు యాభై మూడేళ్లు. మా ఇంటి రోగం యాభైకి ముందే వస్తుంది కాబట్టి నాకు రాదు. రానివాళ్ల రక్తం కూడా కావాలి, తేడా తెలియడానికి. మధ్యాహ్నం రెండింటికి ముప్పై ఎనిమిది గొట్టాలు మంచు డబ్బాలో ఎక్కాయి. జీపు హైవే ఎక్కేదాకా లస్మవ్వ వాకిట్లో నిలబడి చూసింది. తర్వాత నాగయ్యకు ఏటా ఇచ్చే జొన్నల మీద ఇంకో రెండు చేటలు పోసింది.

ఆ మాఘమాసంలో ఊళ్లో రెండు పెళ్లిళ్లయ్యాయి. ఒక ఇంటివాళ్లు పసుపు దంచడానికి ఆమెను పిలవలేదు. రెండో ఇంట్లో పెళ్లికూతురే వచ్చి చేయి పట్టుకుని తీసుకుపోయింది. "ఒకటి పోయింది, ఒకటి ఉన్నది," అంది లస్మవ్వ నాతో. "సగం గెలిచిన."

*

ఫాల్గుణంలో ఒక బుధవారం. పదో తరగతి బి సెక్షన్‌లో పునశ్చరణ నడుస్తోంది. పదకొండున్నరకు సృజన గారి ఫోన్. క్లాసులో నేను ఫోన్ ఎత్తను. ఆ రోజు ఎత్తాను.

"దొరికింది మేడం," అంది ఆమె. "ఆ కత్తెర ప్రోటీనే. నాలుగొందల అరవై ఏడు పూసలు. అందుల ఒక్కటంటే ఒక్క పూస మారింది. లాబ్‌ల మల్ల చేసి చూసినం. మీ ఇంటి కత్తెర ముక్కను నలభై పూసలకాడ కోసేది తక్కువ, నలభై రెండుకాడ కోసేది ఎక్కువ. ఆ నలభై రెండు పూసల ముక్కే ముద్దకడ్తున్నది."

పిల్లలు నన్నే చూస్తున్నారు. బోర్డు మీద బఠాణీ మొక్కల పట్టిక సగంలో ఉంది. దాన్ని పూర్తి చేసి గంట కొట్టాక ఆటో ఎక్కాను.

లస్మవ్వ వాకిట్లో మిరపకాయలు ఎండబెడుతోంది. చెప్పాను. ఆమె రెండుసార్లు చెప్పించుకుంది.

"అంటే, రెండు పూసలు ఎక్కువ?"

"రెండు పూసలే పెద్దవ్వా."

"రెండు పూసలా!" చేతిలోని మిరపకాయలు వదిలేసింది. "గంతేనా? గీ రెండు పూసల కోసం నేను ముప్పై ఏండ్లు కాశీని మోసిన్నా?" నవ్వడం మొదలుపెట్టింది. కండ్ల నీళ్లు కారుతుంటే చేయి ఎత్తింది, చేతికి కారం ఉందని గుర్తొచ్చి మోచేత్తో తుడుచుకుంది. "వినోదా! ఓ వినోదా! ఇటు రాయే. మన ఇంటి శాపం ఎంత పొడుగున్నదో ఇను!"

వినోద పరుగెత్తుకొచ్చింది. లస్మవ్వ తన పుస్తెలతాడుకున్న నల్లపూసలు రెండు వేళ్ల మధ్య పట్టి చూపించింది. "గింత. గింతే!" ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. గోడ అవతల నుంచి శంకరవ్వ తల పైకెత్తి ఏమైందని అడిగింది. ఆమెకూ పూసలు చూపించింది.

హనుమండ్లును ఆ నెలలోనే మందు పరిశోధనలోకి తీసుకున్నారు. నెలకోసారి హైదరాబాదులో సెలైన్‌లాగా ఎక్కిస్తారు. పోయిన మతిని అది తిరిగి తేదని, జారడాన్ని నెమ్మది చేస్తుందని సృజన గారు ముందే స్పష్టంగా చెప్పింది. నెమ్మది చాలు అంది వినోద. రెండుసార్లు ఎక్కించారు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటాడు. కాశీ బస్సు అనుకుని ఎక్కుతాడు, సంతోషంగా పోతాడు, మర్నాడు సాయంత్రానికి ఇంటికి వస్తాడు. మా వంశంలో కాశీకి పోయి తిరిగొచ్చిన మొదటివాడు అతనే అని లచ్చయ్య కాక హోటల్‌కు వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు.

రాకేశ్ సెలవులో వచ్చి రక్తం ఇచ్చాడు, ఫలితం వద్దన్నాడు. అది అతని ఇష్టం. నవత తన ఫలితం అడిగింది. సృజన గారు రెండు విడతలు కూర్చోబెట్టి మాట్లాడాక గాని చెప్పలేదు. చెప్పిన రోజు నవత కరీంనగర్ బస్సు దిగి నేరుగా ఇంటికి వచ్చి, సంచి కుర్చీలో పెట్టింది.

"అత్తా, నాకు లేదు."

చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయాను. చక్కెర వేశాను. వేశానో లేదో అనుమానం వచ్చి మళ్లీ వేశాను. నవత ఒక గుక్క తాగి, నా ముఖం చూసి, గ్లాసు చివరిదాకా తాగింది. వచ్చే నెల నుంచి సృజన గారి దగ్గర చేరుతోంది. మాలాంటి ఇళ్లు ఇంకా ఎక్కడెక్కడ ఉన్నాయో ఊరూరా తిరిగి వెతికే పని.

ఉగాది నాడు నాగయ్య పిలవకుండానే వచ్చాడు. కొత్తగా కట్టింది వినిపిస్తానన్నాడు. లస్మవ్వ పీట వేసింది.

"లింగన్న కొడుకు గంగన్న బుట్టె, లస్మవ్వను దెచ్చె. నలభై ఆరో ఏట మతిమరుపాయె, కడెం వాగుల కాలం జేసె. నలుగుర్ల నిలవడి లస్మవ్వ నిజం జెప్పె. ముప్పై ఎనిమిది మంది రక్తమిచ్చె. రెండు పూసలు దొరికె."

మా వంశం పాటలో ఒక ఆడమనిషి చేసిన పని వినిపించడం అదే మొదటిసారి. లస్మవ్వ కొంగు సర్దుకుని, మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాడు.

తర్వాత నా వైపు తిరిగాడు. "టీచరమ్మా, మీ తమ్ముని పేరు చేర్చాలె. కరుణాకర్ బుట్టె, గనిల దీపాలు వెట్టె అన్నదాక కట్టిన. ఆ మీద ఒక్క మాట కావాలె. అది నువ్వు ఇస్తేనే బాగుంటది. ఫికర్ లేదు, నిమ్మలంగ ఇయ్యి."

నోటుబుక్కు తీసుకుని కూర్చున్నాను. ఉగాది వెళ్లి ఇరవై రోజులైంది. పరీక్ష పేపర్లు దిద్దడం అయిపోయింది. తమ్ముడి మీద ఆ ఒక్క మాట నేనింకా రాయలేదు.